మిస్టరీ సిరీస్ రివ్యూలో చివరి ఎపిసోడ్ గురించి రాయాలా, వద్దా?

వంశధార ఒడ్డు (శ్రీకాకుళం)

మొన్న నేను 'దహాడ్' సిరీస్ మీద రాసిన రివ్యూలో ముగింపు గురించి చర్చించానని చాలామంది కోప్పడ్డారు. పైన హెచ్చరిక పెట్టే రాశాను. అయినా తీసెయ్యమన్నారు. ఒకాయనైతే 'నీకు రివ్యూ రాసే అర్హత లేదు' అన్నారు. అందుకే ఈ విషయం విడిగా మాట్లాడుకుందామని అడుగుతున్నాను.

నా మాట సూటిగా చెప్తాను. హిందీ క్రైమ్ సిరీస్‌ల మీద తెలుగులో వస్తున్న రివ్యూలు చాలావరకు మొదటి రెండు మూడు ఎపిసోడ్‌ల దగ్గరే ఆగిపోతున్నాయి. కథ నాలుగు ముక్కల్లో, హీరో నటన బాగుంది, కెమెరా బాగుంది, మధ్యలో కాస్త సాగదీశారు, 'క్లైమాక్స్ ట్విస్ట్ మీరు ఊహించలేరు', ఐదుకి మూడు. ఇది చదివినవాళ్లకి ఏం తెలిసినట్టు? మిస్టరీలో లెక్క తేలేది చివర్లోనే. గంటల తరబడి మనకు చూపించిన ఆధారాలు ఆఖరి గంటలో నిలబడ్డాయా, లేక ఎక్కడో మూలన ఉన్న పాత్ర మీద నేరం పడేసి చేతులు దులుపుకున్నారా? ఆ సంగతి తేల్చకుండా బాగుంది, బాగోలేదు అంటే అది ప్రచారమే అవుతుంది. నిర్మాణ సంస్థలకు కావలసిందీ అదే.

దహాడ్‌నే తీసుకోండి. 2023 మేలో ప్రైమ్‌లో వచ్చింది, ఎనిమిది ఎపిసోడ్‌లు, రీమా కాగ్తీ, జోయా అఖ్తర్ తయారుచేశారు. రాజస్థాన్‌లోని మండావా. పబ్లిక్ టాయిలెట్లలో పెళ్లికూతురి బట్టల్లో ఆడపిల్లల శవాలు దొరుకుతుంటాయి. ఆ పిల్లలు కనిపించడంలేదని ఇళ్లవాళ్లలో గట్టిగా అడిగినవాళ్లు కూడా తక్కువే. కట్నం ఇచ్చుకోలేని ఇళ్లు, కింది కులాలు, 'లేచిపోయింది' అన్న పరువు బాధ. హంతకుడెవరో మనకు మొదట్లోనే చూపించేస్తారు. హిందీ పాఠాలు చెప్పే లెక్చరర్, విజయ్ వర్మ వేశాడు. అంటే 'ఎవరు' అన్నది అక్కడ రహస్యమే కాదు.

దహాడ్ చూడనివాళ్లు ఇక్కడ ఆగిపోండి. కింద గీత దాటితే ముగింపు ఉంది.

— — — — —

కేసు పట్టే ఎస్సై అంజలి భాటీ. సోనాక్షి సిన్హా చేసింది. స్టేషన్‌లో ఆమె పక్క నుంచి నడిచి వెళ్తే ఒక ఉద్యోగి అగరొత్తి వెలిగిస్తాడు. సోదాకి వెళ్తే ఒక పెద్దింటాయన గడప దాటనివ్వడు. ఆ 'భాటీ' కులం బయటపడకుండా ఇంట్లో పెద్దలు తగిలించిన పేరు. హంతకుడు దొరికాక, చిట్టచివర ఆమె తన అసలు ఇంటిపేరు మేఘ్వాల్‌ని (అక్కడి ఒక దళిత కులం పేరు) మళ్లీ పెట్టుకోవడానికి వెళ్తుంది. సిరీస్ ముగిసేది అక్కడ. చచ్చిపోయిన పిల్లల్ని ఎవరూ వెతకకపోవడానికీ, ఈమె పేరు దాచుకోవాల్సి రావడానికీ కారణం ఒక్కటే. అది అర్థమయ్యేది ఆ ఆఖరి దృశ్యంలోనే. దాన్ని వదిలేసి దహాడ్‌కి రివ్యూ ఎలా రాయమంటారు?

— — — — —

టెక్కలి హాస్టల్ (శ్రీకాకుళం జిల్లా)

అన్నా, మీ రివ్యూ బాగుంది. అందులో అనుమానం లేదు. కానీ మా పరిస్థితి వినండి. రూమ్‌లో నలుగురం. ఒకరి ఖాతా, రోజుకి ఒకటిన్నర జీబీ డేటా. అందులోనే క్లాసు వీడియోలు, ఇంటికి వీడియో కాల్. ఒక సిరీస్ పూర్తవడానికి మాకు రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా ఫోన్ తెరిస్తే చాలు టెన్షన్. శుక్రవారం రిలీజ్ అయితే శనివారం మధ్యాహ్నానికల్లా ఎవడో ఒకడు 'ఫలానావాడే హంతకుడు, మొదటి ఎపిసోడ్‌లోనే కనిపెట్టేశాను' అని గొప్పలు పోతాడు. మీరు గీత గీసి రాశారు. అందరూ గీత గీయరు. మీలాంటివాళ్లు రాస్తే మిగతావాళ్లకి లైసెన్స్ ఇచ్చినట్టే.

బొబ్బిలి బామ్మ (విజయనగరం జిల్లా)

నాయనా వంశధారా, నీ వాదనలో నిజం ఉంది కానీ సగమే.

మా రోజుల్లో అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు తెచ్చుకునేవాళ్లం. ఒకసారి తెచ్చిన పుస్తకంలో పాత్ర పేరు మొదటిసారి వచ్చిన చోటే పెన్సిల్‌తో సున్నా చుట్టి 'వీడే' అని రాసి ఉంది. పుస్తకం చదివాను కానీ ఏ పేజీలోనూ డిటెక్టివ్ యుగంధర్‌తో పాటు ఆలోచించలేకపోయాను. ఆ 'వీడే' చెప్పినదే నిజమా అని చూడడంతో సరిపోయింది. డిటెక్టివ్ కథలో పాఠకుడు కూడా పని చేస్తాడు. అనుమానించడం, పొరపడడం, మళ్లీ వెనక్కి తిప్పి చూడడం. ఆ పని చేసే అవకాశం ఒక్కసారే వస్తుంది. పోయిందంటే రచయిత కూడా తిరిగి ఇవ్వలేడు.

లండన్‌లో అగాథా క్రిస్టీ 'మౌస్‌ట్రాప్' నాటకం 1952 నుంచి ఆడుతోంది. నాటకం అయ్యాక, హంతకుడెవరో బయట చెప్పకండని ప్రేక్షకుల్ని అడుగుతారు. ఇన్ని తరాల ప్రేక్షకులు ఆ మాట మన్నించబట్టే కదా అది ఇంకా నడుస్తోంది. దాని మీద విమర్శకులు రాయలేదా? బోలెడు రాశారు. ముగింపు చెప్పకుండానే ముగింపు మీద తీర్పు ఇవ్వచ్చు. 'ఆధారాలన్నీ ముందే మన కళ్ల ముందు పెట్టాడు, మోసం లేదు' అను. లేదా 'చివర్లో కొత్తగా ఒక సంగతి తెచ్చి అంటించాడు' అను. చదివేవాళ్లకి అంతకంటే ఏం కావాలి?

గజపతినగరం గట్టు

కన్యాశుల్కం 1892లో మన విజయనగరంలోనే మొదటిసారి ఆడారు. కథ చివరికి ఏమవుతుందో తెలియని తెలుగువాడు లేడు. ఇవాళ ఆడినా జనం వస్తారు. ఊళ్లలో తప్పెటగుళ్లు ఆడితే రాముడు గెలుస్తాడని తెలిసీ తెల్లవార్లూ కూర్చుంటారు. ముగింపు తెలిస్తే చెడిపోయే సరుకు అసలు మంచి సరుకేనా?

బొబ్బిలి బామ్మ

గజపతినగరం బాబూ, అందరికీ తెలిసిన కథని ఎలా చెప్తాడో చూడ్డానికి వెళ్లడం వేరు. దాచి చెప్పడానికే కట్టిన కథ వేరు. రెండూ ఒకే గాటన కట్టకు. తప్పెటగుళ్లు ఆడేవాడు రాముడు గెలుస్తాడా లేదా అని మనల్ని ఊరించడు. వీళ్లు ప్రతి ఎపిసోడ్ చివరా ఊరిస్తారు. ఊరించడానికే కట్టినదాన్ని ముందే విప్పేస్తే ఇంకేం మిగులుతుంది?

ఉద్దానం జవాను

మాది కవిటి దగ్గర. నేను ఇప్పుడున్న చోటు చెప్పకూడదు కానీ సిగ్నల్ ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. దొరికినప్పుడు డౌన్‌లోడ్ చేసుకుని, డ్యూటీ లేనప్పుడు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని చూస్తాం. మా బ్యారక్‌లో హర్యానా, బిహార్, పంజాబ్ వాళ్లు ఉంటారు. పాతాళ్ లోక్ సిరీస్‌లో పోలీసు హాథీరామ్ వాళ్ల యాసలో మాట్లాడుతుంటే హర్యానావాడు మురిసిపోతాడు. కోహ్రా చూసేటప్పుడు పంజాబీ కుర్రాడు మాకు పక్కన కూర్చుని అర్థం చెప్పాడు, అందులో ఎక్కువ పంజాబీయే. అలా అందరం కలిసి చూసేది మాకు నెలలో ఒకటో రెండో.

నేను వంశధార అన్న వైపే. చూడడం అయ్యాక మాకు అసలు కావలసింది ఆ చివరి ఎపిసోడ్ గురించి మాట్లాడుకోవడమే. అక్కడ రాత్రంతా వాదించుకుంటాం. తెలుగులో దాని గురించి ఎవరైనా లోతుగా రాశారా అని వెతికితే అన్నీ మొదటి ఎపిసోడ్ దగ్గరే ఆగిపోయిన రాతలు. గీత కింద రాస్తే నాకు ఏ ఇబ్బందీ లేదు, చూశాకే గీత దాటతాను. నాకు మంట ఎక్కడంటే, వీడియో మీద పెట్టే బొమ్మలోనూ హెడ్డింగ్‌లోనూ హంతకుడి మొహం వేసేవాళ్ల మీద. అది చూడకుండా తప్పించుకునే దారి లేదు. గొడవ పడాల్సింది వాళ్లతో.

చీపురుపల్లి రిటైర్డ్ హెడ్డు

బాబూ, నేను హెడ్ కానిస్టేబుల్‌గా ఖాకీ వేసుకున్న మనిషిని. సర్వీసంతా ఈ జిల్లాల్లోనే గడిచింది. మా అబ్బాయి టీవీకి ఏదో పెట్టెలాంటిది తగిలించాక ఈ సిరీస్‌లు చూడడం అలవాటైంది. అడిగారు కాబట్టి చెప్తున్నాను, చివరి ఎపిసోడ్ గురించి రాయాలి. తప్పకుండా రాయాలి. ఎందుకంటే వీళ్లు ఎక్కువ అన్యాయం చేసేది అక్కడే.

మొదటి ఎపిసోడ్‌లో నేరస్థలం బాగానే చూపిస్తారు. టేపు కడతారు, ఫొటోలు తీస్తారు. ఆఖరికి వచ్చేసరికి హీరో ముద్దాయిని కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు మాటలు అంటాడు. వాడు ఏడుస్తూ మొత్తం చెప్పేస్తాడు. కేసు క్లోజ్. క్లోజ్ ఏంటి బాబూ, అక్కడే కదా మొదలు! స్టేషన్‌లో పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. పాత సాక్ష్యాల చట్టంలో 25వ సెక్షన్. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, అందులో 23వది. ముద్దాయి చెప్పినదాన్ని బట్టి కొత్తగా ఒక వస్తువు దొరికితే, ఆ దొరికిన మేరకు మాత్రమే పనికొస్తుంది.

అందుకే ముద్దాయి నోరు విప్పుతున్నాడు అనగానే మేం చేసే మొదటి పని వీఆర్వోనీ ఇంకొకాయన్నీ మధ్యవర్తులుగా, అంటే పంచనామా సాక్షులుగా, పిలిపించడం. వాళ్ల ఎదుటే వాడు చెప్పాలి. వాళ్ల ఎదుటే దారి చూపించాలి. తాటిచెట్టు మొదట్లో పాతిపెట్టిన కత్తి అయితే వాళ్ల ఎదుటే తవ్వాలి. ఎంత లోతులో ఉంది, పిడి కర్రా ఇనుమా, మరక ఎక్కడుంది, అన్నీ మధ్యవర్తుల నివేదికలో రాయాలి. గుడ్డలో చుట్టి, దారం కట్టి, లక్క సీలు వేసి, చీటీ మీద సంతకాలు. వాన పడుతుంటే ఒకడు గొడుగు పడితే జీపు బానెట్ మీద కాగితాలు పెట్టి రాసిన రోజులున్నాయి. ఆ చీటీ మీద ఒక సంతకం తప్పితే రెండేళ్ల తరవాత డిఫెన్స్ లాయరు దాన్నే పట్టుకుంటాడు. ఇప్పుడు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో సోదా, స్వాధీనం వీడియో కూడా తీయాలి.

సిరీస్‌లో హీరో ఒక్కడే అర్ధరాత్రి చెరువులో దిగి కత్తి తెచ్చేస్తాడు. దానికి విలువ సున్నా. విసెరా, అంటే శవపరీక్షలో తీసిన లోపలి అవయవాల భాగాలు, జాడీల్లో పెట్టి విశాఖ ల్యాబ్‌కి పంపితే రిపోర్టు కోసం మేం నెలలు కళ్లు కాయలు కాసేలా చూసేవాళ్లం. వీళ్లకి మర్నాడు టీ తాగే వేళకి వచ్చేస్తుంది. రివ్యూలో ఇవన్నీ అడగాలంటే ముగింపులో ఏం జరిగిందో చెప్పకుండా ఎలా కుదురుతుంది?

టెక్కలి హాస్టల్

తాతగారూ, ఇదంతా చూపిస్తే సిరీస్ ఇరవై ఎపిసోడ్‌లు అవుతుంది కదా. అది కథ, కేసు డైరీ కాదు.

చీపురుపల్లి రిటైర్డ్ హెడ్డు

చూపించమనలేదు బాబూ. చూపించనిదాన్ని 'రియలిస్టిక్' అని రివ్యూల్లో రాయొద్దంటున్నాను. పిల్లలు అదే నిజమనుకుంటున్నారు. దొంగతనం జరిగిందని స్టేషన్‌కి వచ్చినవాళ్లు, రెండు దెబ్బలేసి ఒప్పించెయ్యండి సార్ అంటారు. ఇలాంటివి చూసే కదా.

పలాస జీడిచెట్టు

ఇక్కడ ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు. నిజంగా జరిగిన నేరాల మీద తీసినవాటి మాటేంటి? ఢిల్లీ క్రైమ్ మొదటి సీజన్ 2019లో వచ్చింది, ఏడు ఎపిసోడ్‌లు. 2012 డిసెంబర్ నాటి నిర్భయ కేసు. నిందితులు దొరుకుతారని చూసేవాళ్లందరికీ తెలుసు. దాచడానికి అక్కడ ఏమీ లేదు. 2020లో ఇంటర్నేషనల్ ఎమ్మీల్లో ఉత్తమ డ్రామా సిరీస్ అవార్డు వచ్చింది కూడా. ఆ దాడిని తెర మీద చూపించకుండా, దర్యాప్తు మీదే నిలబెట్టాడు దర్శకుడు రిచీ మెహతా. నా దృష్టిలో ఆ ఒక్క నిర్ణయం ఆ సిరీస్‌లో అన్నిటికంటే పెద్ద సంగతి.

అలాంటి సిరీస్ మీద కూడా మన రివ్యూల్లో 'సీటు అంచున కూర్చోబెట్టే థ్రిల్లర్' అని రాస్తున్నారు. ఒక ఆడపిల్ల చావు మీద తీసినదాన్ని థ్రిల్ పేరుతో కొలవడానికి మనసెలా వచ్చింది? వంశధార గారూ, ముగింపు చెప్పాలా వద్దా అన్నది నాకు రెండో ప్రశ్న. చచ్చిపోయినవాళ్లని ఈ సిరీస్ మనుషులుగా చూసిందా, లేక శవంగా మొదటి సీన్‌లో వాడుకుని వదిలేసిందా? మొదట అది రాయండి. నేను ఏ రివ్యూలోనైనా వెతికేది ఆ వాక్యాన్నే.

వంశధార ఒడ్డు

పలాస గారూ, మీ మాటకి ఎదురు చెప్పలేను, చెప్పను కూడా. దహాడ్‌లో నన్ను కదిలించిందీ అదే. ఆ పిల్లల ఇళ్లకి వెళ్లి ఒక్కొక్క తల్లినీ అన్ననీ పలకరిస్తుంది కథ. అందుకే ముగింపుకి అంత బరువు వచ్చింది.

బొబ్బిలి బామ్మగారూ, మీకు జవాబు బాకీ ఉన్నాను. 'ఆధారాలు ముందే పెట్టాడు, మోసం లేదు' అని రాస్తే చాలన్నారు. అది తీర్పు. తీర్పుకి కారణాలు ఉండాలి కదండీ. ఏ ఆధారం, ఎక్కడ పెట్టాడు, చివర్లో దానికి ఎలా ముడి వేశాడు అన్నది చూపించకపోతే చదివేవాళ్లు నా మాట నమ్మి ఊరుకోవాల్సిందే. నన్ను ఎందుకు నమ్మాలి? రివ్యూ రాసేవాడికి డబ్బులు అందాయేమోనని అందరికీ అనుమానమున్న రోజులివి. కారణం చూపిస్తే ఎవరైనా సిరీస్‌లో వెనక్కి తిప్పి సరిచూసుకోవచ్చు. తప్పయితే నిలదీయచ్చు.

అయితే మీ పెన్సిల్ సున్నా మాట ఒప్పుకుంటాను. మొదటిసారి చూసే హక్కు చూసేవాడిదే. అందుకే రెండు భాగాలు. పై భాగం చూడబోయేవాళ్లకి, కింది భాగం చూసేసినవాళ్లకి. హెడ్డింగ్‌లో, మొదటి బొమ్మలో, పంచుకుంటే కనిపించే మొదటి రెండు లైన్లలో ముగింపు వాసన కూడా రాకూడదు. ఇది నేను పాటిస్తాను.

బొబ్బిలి బామ్మ

పాటించు నాయనా. కానీ కింది భాగం రిలీజ్ అయిన రోజే ఎందుకు? పదిహేను రోజులు ఆగలేవా? హాస్టల్ పిల్లలకీ, మన జవాను బాబుకీ ఆ మాత్రం వ్యవధి ఇవ్వు. మంచి విమర్శ పదిహేను రోజుల్లో పాచిపోదు. పాచిపోయిందంటే అది విమర్శే కాదు.

టెక్కలి హాస్టల్

బామ్మగారి మాటే నా మాట.

వంశధార ఒడ్డు

పదిహేను రోజులు ఆగితే ఎవరూ చదవరు బామ్మగారూ. అప్పటికి జనం ఇంకో సిరీస్‌లోకి వెళ్లిపోతారు. ముందు వచ్చిన ప్రచారపు రాతలే మిగిలిపోతాయి. వారం ఆగుతాను. అంతకంటే ఆగలేను.

వకీలు గారు ఈ చర్చ చదువుతున్నట్టు కనిపిస్తోంది. ఒక్క సందేహం తీర్చండి. హెడ్డు గారు ఒప్పుకోలు చెల్లదన్నారు. మరి దహాడ్ లాంటి కేసులో, అంటే సయనైడ్ విషమిచ్చి చంపడం, చూసినవాళ్లు లేకపోవడం, కోర్టు ఏం అడుగుతుంది? కింది భాగంలో రాసుకుంటాను.

విజయనగరం వకీలమ్మ

చదువుతున్నాను. ముందు హెడ్డు గారు చెప్పినదానికి చిన్న చేర్పు. మేజిస్ట్రేట్ ముందు ఇచ్చే ఒప్పుకోలు చెల్లుతుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 164వ సెక్షన్, దాని బదులు వచ్చిన కొత్త చట్టంలో 183వది. దానికి ముందు మేజిస్ట్రేట్ 'నువ్వు చెప్పి తీరాలని లేదు, చెప్తే నీకు వ్యతిరేకంగా వాడతారు' అని హెచ్చరించి, ఆలోచించుకోవడానికి వ్యవధి ఇస్తారు. హిందీ సిరీస్‌లలో నాకు ఆ గది ఎక్కడా కనిపించలేదు. కోర్టూ జైలూ ప్రధానంగా నడిచిన క్రిమినల్ జస్టిస్ లాంటివి ఉన్నాయి కానీ తక్కువ.

ఇక మీ సందేహం. విషం కేసుల్లో 1984 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది, శరద్ సార్దా కేసు. అదీ సయనైడ్ మరణమే. కింది కోర్టు వేసిన ఉరిశిక్షని హైకోర్టు ఖాయం చేసినా సుప్రీంకోర్టు నిందితుణ్ణి విడిచిపెట్టింది. చూసిన సాక్షి లేనప్పుడు పరిస్థితుల గొలుసులో ఒక్క లంకె కూడా తెగకూడదని, ఆ గొలుసు నిందితుడి నేరం వైపు తప్ప ఇంకెటూ చూపకూడదని చెప్పింది. విషమిచ్చి చంపారంటే నాలుగు రుజువు కావాలి. చంపడానికి స్పష్టమైన కారణం. చావు ఆ విషం వల్లే అన్నది. నిందితుడి దగ్గర ఆ విషం ఉందన్నది. దాన్ని ఇచ్చే అవకాశం అతనికి ఉందన్నది.

దహాడ్‌ని ఈ నాలుగింటితో చూడండి. రెండోది పోస్ట్‌మార్టం, ల్యాబ్ చూసుకుంటాయి. నాలుగోదానికి ఫోన్లు, ప్రయాణాలు, ఇద్దరూ కలిసి ఉండగా చూసినవాళ్లు ఉంటారు. హంతకుడిది నగల దుకాణం ఉన్న కుటుంబం కాబట్టి మూడోదానికి కథలో దారి పెట్టారు. కానీ దుకాణంలో సయనైడ్ ఉండడం, అతని చేతిలో ఉండడం ఒకటి కావు. డిఫెన్స్‌లో నేనుంటే మొదట అక్కడే పట్టుకుంటాను. మొదటిదైతే ఇంకా కష్టం. ఆ పిల్లల్ని ఎందుకు చంపాడో సిరీస్ మనకు అతని చిన్నతనం చూపించి చెప్పింది. కోర్టుకి ఆ చిన్నతనం కనిపించదు. మీ కింది భాగంలో ఆఖరి రెండు ఎపిసోడ్‌లు మళ్లీ చూసి, మూడోదానికి సిరీస్‌లో ఏ దృశ్యం సాక్ష్యంగా నిలుస్తుందో రాయండి. అది రాస్తే నేను వచ్చి వాదిస్తాను.